పిట్టల రిజిస్టరు

(2025 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమయంలో ఇక్కడ నిలబడవలసినవాడిని నేను కాదు. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడడానికి ఒక డాక్టరు గారిని పిలిచారు. ఆయనకు వేరే పని తగిలింది. నిన్న సాయంత్రం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు పిట్టల కోసం ఊళ్లు తిరుగుతుంటారు కదా, దాని మీద ఒక అరగంట మాట్లాడండి. మోకాళ్ల సంగతి వినడం కన్నా అదే నయం" అన్నారు. సరేనన్నాను. తీరా ఈ మైకు ముందుకు వచ్చాక నాకు మోకాళ్లే వణుకుతున్నాయి. ముప్పై అయిదేళ్ల సర్వీసులో నేను నోట్ ఫైలు రాశాను గానీ నోరు తెరిచి మాట్లాడింది తక్కువ. తప్పులుంటే మన్నించాలి.

1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గురించి అధ్యక్షుల వారు విపులంగా చెప్పారు. నేను ఆ జోలికి పోను. నేరుగా పిట్టల దగ్గరికి వస్తాను.

మన సీమలో, తెలంగాణలో దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటకు పోయే ఆచారం ఉంది. చిన్నప్పుడు మా నాయన వెంట నేనూ పోయేవాడిని. కరెంటు తీగ మీద కనిపించిందా, సరే, కనిపించకపోతే ఇంకో మైలు నడిచేవాళ్లం. కాబట్టి పిట్టను చూడడానికి పని కట్టుకుని పోవడమనేది నేను కొత్తగా పెట్టుకున్న పిచ్చి కాదు. దుర్భిణి ఒక్కటే కొత్త.

నాకు ఈ వ్యవహారం అంటుకున్నది ఉద్యోగం వల్లే. 1986 చివర్లో నేను కర్నూలు జిల్లాలో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్త. కాగితాలు ఏ సంచిలో ఉన్నాయో ఎవరికీ తెలియని రోజులు. నందికొట్కూరుకు దగ్గర్లో ఉన్న రోళ్లపాడు గడ్డి భూముల సర్వే నంబర్ల వివరాలు పంపమని పై నుంచి తపాలు వచ్చింది. అక్కడ ఏదో అరుదైన పిట్ట ఉందట, దానికి అభయారణ్యం చేస్తారట. ఆ పిట్ట ఇంగ్లీషు పేరు గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. మా టైపిస్టు ఆ పేరులో ఒక్క అక్షరం మార్చి కొట్టాడు. ఆ కాగితం ఆఫీసరు గారి టేబుల్ మీదికి పోయి, పోయినంత వేగంగానూ తిరిగొచ్చింది. ఆయన ఎర్రసిరాతో ఏమి రాశారో ఆడవాళ్లున్న సభలో చెప్పను. 1963లో జాతీయ పక్షిగా ఈ పిట్టను పెట్టాలని సాలిం అలీ గారు వాదించినా నెమలికే ఆ హోదా దక్కింది. దానికి కారణం కూడా ఆ ఒక్క అక్షరం భయమేనని సరదాగా చెప్పుకుంటారు. మా టైపిస్టును చూసినవాడిని కనుక నేను కాదనలేను.

మన రైతులు దాన్ని బట్టమేక పిట్ట అంటారు. ఈ పేరుతో ఏ ఇబ్బందీ లేదు.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారితో కలిసి జీపులో రోళ్లపాడు పోయాం. పొద్దు పొడిచి గంటయి ఉంటుంది. ఎంత దూరం చూసినా మోకాలెత్తు గడ్డి, మధ్య మధ్య జొన్న చేలు, కొర్ర చేలు. డ్రైవరు ఉన్నట్టుండి జీపు ఆపి "సార్, అదిగో" అన్నాడు. నేను ముందు మనిషి అనుకున్నాను. తెల్లపంచె కట్టిన ముసలాయన ఎవరో గడ్డిలో నిదానంగా నడుస్తున్నట్టుంది. మీటరు ఎత్తు, తెల్లటి పొడుగు మెడ, తల మీద నల్లటి కుచ్చు, ఛాతీ మీద నల్లటి పట్టీ. మమ్మల్ని చూసింది. పరుగెత్తలేదు. తహసీల్దారు వరండాలో నడిచినట్టు పది అడుగులు వేసి ఆగింది, మళ్లీ పది అడుగులు. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుందని తర్వాత తెలిసింది. ఎగరగలిగే పక్షుల్లో అంత బరువున్నవి లోకంలోనే తక్కువ. చివరికి రెక్కలు విప్పి లేచింది. ఆ రెక్కల చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు నా చెవులు సరిగా పనిచేయవు గానీ ఆ చప్పుడు మాత్రం లోపల ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. నేను చెప్పే ఆఫీసు కబుర్లు ఆవిడ సగం వింటూ సగం వినకుండా బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఉండేది. ఆ రోజు చేట పక్కన పెట్టింది. "నన్ను కూడా తీసకపోండి" అంది. "వచ్చే చలికాలం పోదాం" అన్నాను.

వచ్చే చలికాలానికి నాకు ట్రాన్స్‌ఫరు. ఆ పై చలికాలం పెద్దమ్మాయికి టైఫాయిడ్. 1988లో రోళ్లపాడు అభయారణ్యమైంది. ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఆ వార్త పేపర్లో చదివి వినిపించాను. "ఇక ఎక్కడికీ పోదులే, ప్రభుత్వమే కాపలా పెట్టింది, నింపాదిగా చూద్దాం" అన్నాను. నేను అన్న మాట ఇదే. ఆ తర్వాత పిల్లల చదువులు, పెళ్లిళ్లు, నాన్నగారి జబ్బు, ఇల్లు కట్టడం. ఇవన్నీ మీకు తెలిసినవే. అందరి సర్వీసు రిజిస్టర్లూ ఒకటే.

2009లో రిటైరయ్యాను. లీవ్ ఎన్‌క్యాష్‌మెంటు డబ్బులోంచి ఒక దుర్భిణి కొన్నాను. ఇంట్లో పెద్ద రభస. మా చిన్నమ్మాయి, "నాన్నా, ఎదురింటివాళ్లు ఏమనుకుంటారు?" అంది. దాంతో పాటు రూళ్లు కొట్టిన రెండు వందల పేజీల రిజిస్టరు ఒకటి కొన్నాను. తేదీ, స్థలం, వేళ, పిట్ట పేరు, ఎన్ని, ఎవరు చూశారు, రిమార్కులు. ఏడు కాలమ్‌లు. గుమాస్తా బుద్ధి గుమాస్తాదే. నాకు నేనే ఒక నిబంధన పెట్టుకున్నాను: కళ్లతో చూసిందే రాయాలి. "ఉండి ఉండవచ్చు", "అనిపించింది" అనేవి రిజిస్టరులోకి రాకూడదు. సర్వీసులో అలాంటి మాటలు రాసి మనుషులు ఎంత ఇబ్బంది పడ్డారో చూశాను.

2013 జనవరిలో మా ఆవిడను రోళ్లపాడు తీసుకుపోయాను. ఇరవై ఆరేళ్లు ఆలస్యంగా.

రెండు రోజులు ఉన్నాం. కృష్ణజింకలు ఉన్నాయి, మందలు మందలుగా ఉన్నాయి. నేను మొదట పోయినప్పుడు అవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పిట్ట కోసం పెట్టిన కాపలా జింకలకు బాగా కలిసొచ్చింది. అవి బయటి చేలల్లో పడి మేస్తుంటే చుట్టుపక్కల రైతులు మండిపడుతున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. సాయంత్రం వేళ హారియర్లనే వలస గద్దలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి గడ్డిలో నేల మీదే రాత్రికి పడుకోవడం చూశాం. అదొక వింత. గద్ద అంటే చెట్టు కొమ్మ మీద ఉంటుందనుకున్న మా ఆవిడ, "అయ్యో, ఇవి కటిక నేల మీదేనా!" అని జాలిపడింది. బట్టమేక పిట్ట మాత్రం కనపడలేదు. వాచర్‌ను అడిగితే, "పోయిన వానాకాలంలో ఒకటి వచ్చిందన్నారమ్మా, నేనైతే చూడలేదు" అన్నాడు.

ఎందుకిలా అయిందని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ పిట్ట గూడు కట్టదు. ఉత్త నేల మీద సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డును పశువు తొక్కినా, కుక్క తిన్నా ఆ ఏటికి అంతే. దానికి ఎటు చూసినా కనుచూపు ఆనే బయలు కావాలి. చుట్టుపక్కల నీళ్లొచ్చాయి, కొర్ర, జొన్న పోయి వేరే పైర్లు వచ్చాయి, బోర్లు, కరెంటు స్తంభాలు వచ్చాయి. దానికి కళ్లు తలకు పక్కల వైపు ఉండడం వల్ల ఎదురుగా ఉన్న తీగ సరిగా కనిపించదు. కనిపించినా అంత బరువైన పిట్ట చటుక్కున పక్కకు తప్పుకోలేదు. రాజస్థాన్‌లో ఈ తీగల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. తీగలు భూమిలో వేయాలని 2021లో ఉత్తర్వు ఇచ్చారు, 2024లో దాన్ని సడలించారు. దేశం మొత్తం మీద ఇప్పుడు నూట యాభై కూడా లేవంటున్నారు. ఎక్కువ భాగం జైసల్మేరు వైపే. అక్కడే 2019 నుంచి గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు.

తిరుగు ప్రయాణం బస్సులో మా ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆత్మకూరు దగ్గర టీ కోసం ఆపినప్పుడు, "పోనీలెండి, మీరు చూశారు కదా" అంది. ఏదైనా అనేసి ఉంటే బాగుండేది.

ఆ మాట నన్ను చాలా ఊళ్లు తిప్పింది. ఆ ఏడాదే డిసెంబరులో నేలపట్టు పోయాం. సూళ్లూరుపేట, దొరవారిసత్రం వైపు. అప్పట్లో నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. మన సంఘం సభ్యులు ముగ్గురు కూడా దంపతులతో వచ్చారు. వారిలో ఒకరు ఇప్పుడు లేరు. బస్సులో నెల్లూరు దాకా, అక్కడి నుంచి రైలు. అప్పుడు సీనియర్ సిటిజన్లకు రైల్లో రాయితీ ఉండేది, ఆడవాళ్లకు సగం ధరే. 2020 మార్చిలో అది తీసేశారు. ఈ సభ తీర్మానాల్లో అది కూడా చేర్చమని కార్యదర్శి గారికి మనవి.

నేలపట్టు చెరువులో నీళ్ల మధ్య చెట్లుంటాయి. ఒక్కో చెట్టు మీద పది, పదిహేను గూళ్లు. గూడబాతులు, అంటే పెలికాన్లు, అక్టోబరు నుంచి చేరి గూళ్లు పెడతాయి. మూతి కింద సంచి వేలాడుతూ ఉంటుంది. మనూరి సంతకు గోనెసంచి వేసుకుని వచ్చే వ్యాపారిలాగా ఉంటుంది దాని వాలకం. నేల మీద చూస్తే నవ్వొస్తుంది, గాలిలో లేచిందంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. పిల్ల అన్నం తినే పద్ధతి చూసి మా ఆవిడ దుర్భిణి వదల్లేదు. పిల్ల తన తలను మొత్తం తల్లి గొంతులోకి దూర్చేస్తుంది! లోపల అరిగిన చేపను తిని, ఆయాసపడుతూ తల బయటకు తీస్తుంది. "మన పెద్దోడు కూడా ఇంతే కదండీ, ఉద్యోగం వచ్చిందాకా" అంది మా ఆవిడ. మా పెద్దోడు ఈ సభకు రాలేదు కాబట్టి చెబుతున్నాను.

అక్కడి రైతు ఒకాయన చెప్పిన మాట నాకు నచ్చింది. ఆ పిట్టల రెట్టలు పడిన చెరువు నీళ్లు పారితే పొలానికి ఎరువు వేసినంత బలమట. అందుకని ఊళ్లో ఎవరూ వాటి జోలికి పోరు. పిట్ట ఊరికి లాభమైతే ఊరు పిట్టను కాపాడుతుంది. రోళ్లపాడులో జింక చేలో పడి ఊరికి నష్టమైంది. నేను గుమాస్తాను, పెద్ద మాటలు నాకు చేతకావు గానీ తేడా అక్కడ ఉన్నట్టు నాకు తోస్తుంది.

ఇక్కడ ఒక చిన్న సవరణ. ప్రతి ఏటా పేపర్లలో "సైబీరియా నుంచి వచ్చిన కొంగలు" అని రాస్తారు. గూడబాతులు, నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు, నీటికాకులు, ఇవి సైబీరియావి కావు. మన దేశంవే. నీళ్లు, చేపలు ఉన్న చోటు చూసుకుని ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు ట్రాన్స్‌ఫరు మీద పోయి వస్తుంటాయి, మనలాగే. నిజమైన సైబీరియా కొంగ రాజస్థాన్‌లో భరత్‌పూరుకు వచ్చేది. 2002 తర్వాత అక్కడా కనపడలేదు.

మర్నాడు పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు వైపులా ఉప్పునీళ్లు. దూరంగా గులాబీ రంగు గీత గీసినట్టుంది. దుర్భిణి పెట్టి చూస్తే అది గీత కాదు, వేల ఫ్లెమింగోలు, తలకిందులుగా ముక్కు బురదలో ముంచి నడుస్తున్నాయి. మా బృందంలో రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు లెక్కపెట్టడం మొదలుపెట్టి నాలుగు వందల దగ్గర తప్పిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. రిజిస్టరులో "అనేకం" అని రాశాను. ఆడిట్ అభ్యంతరం రాదులెండి.

ఇలాంటి ప్రయాణాలు చేయదలచినవారికి అనుభవం మీద రెండు మాటలు. రంగురంగుల చొక్కాలు వద్దు, మట్టిరంగు మేలు. షుగరు ఉన్నవాళ్లు జేబులో బిస్కెట్లు పెట్టుకోవాలి, పిట్ట భోజనం వేళ చూసి రాదు. దుర్భిణి మరీ బరువైనది కొనకండి, పది నిమిషాలకే చేయి వణుకుతుంది. మూత్రం సమస్య ఉన్నవాళ్లు దాని సంగతి ముందే చూసుకోవాలి, గడ్డిమైదానంలో చెట్టు చాటు ఉండదు. గూళ్ల దగ్గరికి మాత్రం పోకండి. మనం దగ్గరికి పోతే తల్లి లేస్తుంది, తల్లి లేస్తే కాకి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఇంకో పది నిమిషాలు ఇప్పించాలి.

కడప జిల్లాలో సిద్ధవటం, బద్వేలు వైపు లంకమల అడవి ఉంది. అక్కడ కలివికోడి అనే పిట్ట ఉంది. కలివి పొదల్లో తిరిగేది కనుక ఆ పేరు. కలివి పండ్లు మనందరం చిన్నప్పుడు నోరు నల్లగా అయ్యేదాకా తిన్నవే. జెర్డన్ అనే మిలిటరీ డాక్టరు పేరు మీద ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు. 1848లో దీన్ని మొదటిసారి శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కించారు. పెన్నా, గోదావరి లోయల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1900లో అనంతపురం దగ్గర ఒకాయన చూశారు. అంతే, తర్వాత ఎనభై అయిదేళ్లు దాని అయిపు లేదు. 1931-32లో నిజాం రాజ్యమంతా పక్షుల సర్వే చేసిన సాలిం అలీ గారికి కూడా అది దొరకలేదు. అది ఇక లేదని చాలామంది రాసేశారు.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారు రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్లీ కనుగొన్నారు. పుస్తకాలకు తెలియనిది ఊరివాళ్లకు తెలుసు. బొమ్మ చూపిస్తే, "ఇది మా కలివికోడి కదా" అన్నారు. అది పగలు పొదల్లో నక్కి ఉండి రాత్రిళ్లు తిరిగే పిట్ట. స్థానిక వేటగాడు ఒకతను రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పాపం, ఆ పిట్ట బతకలేదు. కానీ పిట్ట జాతి ఉందని రుజువైంది. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు. ఆ ఏడాదే తపాలా శాఖ రూపాయి బిళ్ల మీద కలివికోడి బొమ్మ వేసింది. ఆఫీసుకు వచ్చిన ఒక కవరు మీద ఆ స్టాంపు చూసి, నీళ్లలో నానబెట్టి ఊడదీసి దాచుకున్నాను. ఇప్పటికీ నా రిజిస్టరు మొదటి పేజీలో ఉంది.

ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. 2005లో మళ్లీ ఆ దగ్గర్లో తవ్వకాలు మొదలై గొడవైతే ఇంకోసారి మార్చారు. ఆ రోజుల్లో మా ఆఫీసులో టీ తాగుతూ "మనిషికి నీళ్లు ముఖ్యమా, పిట్ట ముఖ్యమా" అని వాదించుకునేవాళ్లం. నేను అప్పుడు నీళ్ల పక్షమే. సీమలో పుట్టినవాడికి ఇంకో పక్షం ఎట్లా ఉంటుంది? కానీ కాలువ కాస్త పక్కకు జరిగి కూడా పోగలిగింది. పిట్ట పక్కకు జరిగి ఉండడానికి వేరే అడవి లేదు. అది అప్పట్లో నాకు తోచలేదు.

2018 జనవరిలో, రిటైరైన ఫారెస్టరు మిత్రుడొకరి చొరవతో అనుమతి తీసుకుని మేమిద్దరం లంకమల పోయాం. ఆ పిట్టను చూడడం దాదాపు అసాధ్యమని ఆయన ముందే చెప్పారు. పరిశోధకులే నెలల తరబడి ఇసుక, మట్టి మెత్తగా చదును చేసి, పొద్దున్నే వచ్చి అడుగుల గుర్తులు వెతికేవారట. దాన్ని పట్టించేది పిలుపు ఒక్కటే. పొద్దు గుంకిన ముప్పావుగంటకు మొదలవుతుంది, కొద్ది నిమిషాలే. రెండు ముక్కలుగా, వెంటవెంటనే పిలుస్తుంది. తర్వాత రాత్రంతా నోరు మెదపదు.

ఆరు గంటలకు పొద్దు గుంకింది. కలివి, రేగు పొదల మధ్య ఒక చిన్న మైదానంలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. మిత్రుడు, వాచరు జీపు దగ్గర ఉండిపోయారు, వంద గజాలు ఉంటుంది. కొండల మీద వెలుగు పోయింది. చలి మొదలైంది. నాకు అప్పటికే కుడి చెవి సగం, ఎడమ చెవి పావు. డాక్టరు చెప్పిన యంత్రం కొనకుండా వాయిదా వేస్తున్నాను. దుర్భిణికి డబ్బులున్నాయి గానీ చెవి యంత్రానికి లేవా అని ఇంట్లో పోరు. నాకు మాత్రం ఆ చీకటిలో నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఏడుకు పది నిమిషాలుందనగా మా ఆవిడ నా ముంజేయి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. నేను ఆవిడ ముఖం వైపు చూశాను. చీకట్లో ముఖం కనపడలేదు గానీ మనిషి కదలకుండా బిగుసుకుని వినడం తెలుస్తోంది. ఒక నిమిషం పైనే అలా ఉంది. తర్వాత చెయ్యి వదిలి, "విన్నారా?" అంది.

"లేదు" అన్నాను.

"రెండేసి ముక్కలుగా పిలిచింది. ఆ పొదల వైపు. నాలుగైదు సార్లు. తీతువు కాదు, తీతువు నాకు తెలియదా?"

జీపు దగ్గరికి పోయి మిత్రుణ్ణి అడిగాను. వాచరు, ఆయన మాట్లాడుకుంటూ ఉన్నారట, వినలేదు. తీతువై ఉండవచ్చు, నైట్‌జార్ పిట్ట కూడా అయి ఉండవచ్చు అన్నారు. మర్నాడు సాయంత్రం నలుగురం నోరు మూసుకుని కూర్చున్నాం. ఏమీ లేదు.

ఆ రాత్రి గెస్ట్‌హౌసులో రిజిస్టరు తెరిచాను. మా ఆవిడ పక్కన నిలబడి చూస్తోంది. ఎన్ని అనే కాలమ్‌లో గీత గీశాను. రిమార్కులలో ఇలా రాశాను: "పిలుపు విన్నట్లు భార్య చెప్పినది. ధ్రువీకరణ లేదు."

ఆవిడ చదివింది. చదివి, "ముప్పై అయిదేళ్లు దారిన పోయేవాళ్లంతా చెప్పిన వాంగ్మూలాలు రాసుకున్నారు. సాక్షి సంతకం తీసుకున్నారు. నాది వాంగ్మూలం కూడా కాదా?" అంది. అది కోపంతో అన్న మాట అయితే నేను సర్దిచెప్పేవాడిని. నిదానంగా అంది. బట్టమేక పిట్టను నేను చూసిన రోజున నా మాట నమ్మడానికి ఆవిడ ఎవరి ధ్రువీకరణా అడగలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. కానీ పెన్ను మూసేసి ఉంది. నిబంధన నిబంధనే అనుకుని పడుకున్నాను.

తర్వాత ఆవిడ నా వెంట కొల్లేరు వచ్చింది, గుంటూరు దగ్గర ఉప్పలపాడు వచ్చింది. రిజిస్టరు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు.

ఈ ఏడాది, 2025 ఆగస్టులో, లంకమలలో కలివికోడి పిలుపును కొందరు పక్షి పరిశీలకులు రికార్డు చేశారని పేపర్లలో వచ్చింది. ఎన్నో ఏళ్లుగా జాడ లేని పిట్ట ఇంకా అక్కడ ఉందని తేలింది. ఆ రోజు పొద్దున మా ఆవిడ కాఫీ గ్లాసు పెట్టి, దాని పక్కన పేపరు మడిచి పెట్టింది. వార్త పైకి కనిపించేటట్టు. ఒక్క మాట అనలేదు. వంటింట్లోకి పోయింది.

మిత్రులారా, ఇక్కడ నేను గుమాస్తాగా ఆలోచించాను. 2025లో పిట్ట పలికితే 2018లో మా ఆవిడ విన్నది అదేనని రుజువు కాదు. ఇది వేరు, అది వేరు. కానీ అప్పుడు అక్కడ పిట్ట లేదనడానికీ నా దగ్గర ఏమీ లేదు. వినికిడి సరిగా లేనివాడు, సరిగా ఉన్న మనిషి సాక్ష్యాన్ని కొట్టేయడం ఏ నియమావళిలో ఉంది? పాత ఎంట్రీ కొట్టివేయకూడదు, దిద్దకూడదు. అది పద్ధతి కాదు. కాబట్టి దాని కింద కొత్త ఎంట్రీ వేశాను. తేదీ వేసి ఇలా రాశాను: "2018 జనవరి నాటి ఎంట్రీ పునఃపరిశీలించడమైనది. సాక్షి వాంగ్మూలం పూర్తిగా నమోదు చేయడమైనది." ఆవిడ ఆ రాత్రి చెప్పిన మాటలు, రెండేసి ముక్కలు, పొదల వైపు, నాలుగైదు సార్లు, తీతువు కాదు, అన్నీ గుర్తున్నంత వరకు రాశాను. ఎవరు విన్నారు అన్న కాలమ్‌లో ఆవిడ పేరు రాశాను. కింద "సాక్షి సంతకం" అని రాసి గీత గీసి, వంటింట్లోకి తీసుకుపోయాను.

ఆవిడ చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, మొత్తం చదివింది. "ఏడేళ్లకా?" అంది. రిజిస్టరు నా చేతికి ఇచ్చేసింది.

ఇది జరిగి నాలుగు నెలలు. రిజిస్టరు హాల్లో టీవీ పక్కన, ఆ పేజీలో పెన్ను పెట్టి, తెరిచే ఉంచాను. ఆవిడ రోజూ దాని దుమ్ము తుడుస్తుంది, పెన్ను తీసి మళ్లీ అదే చోట పెడుతుంది. సంతకం ఇంకా పెట్టలేదు. చెవి యంత్రం మాత్రం సెప్టెంబరులో కొన్నాను. వచ్చే నెల లంకమల పోవడానికి అనుమతి కోసం దరఖాస్తు కూడా పెట్టాను, ఇద్దరి పేర్ల మీద.

ఆవిడ మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. ఇదంతా చెబుతానని ఇంట్లో చెప్పకుండా వచ్చాను కాబట్టి, భోజనాల దగ్గర నన్ను కాస్త మీ మధ్యలో కూర్చోబెట్టుకోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.